మీటు నేర్పిన పాఠం

సాధన వలన సాధ్యం కానిది లేదని పెద్దలు చెబుతారు. ఆ మాటలో సందేహం లేదు. అయితే ఏ సాధన అన్న ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. తప్పును ప్రతిరోజూ రెండు గంటలు సాధన చేస్తే తప్పే చక్కగా సాధ్యమవుతుంది. ఈ చిన్న సంగతి నాకు యాభై మూడవ ఏట, రాయపూరు నగరంలోని పండరీలో, ఒక దర్జీ దుకాణం ముందు నిలబడినప్పుడు తెలిసివచ్చింది. నా వలె ఆలస్యంగా వాద్యం చేతబట్టిన సహోద్యోగులకూ, వారి పిల్లలకూ ఉపయోగపడవచ్చునని నా అనుభవాన్ని ఇక్కడ పంచుకుంటున్నాను.

ఉద్యోగరీత్యా రాయపూరుకు బదిలీ అయి వచ్చిన తెలుగువారికి ఈ ఊరు అంత పరాయిదిగా తోచదు. విజయనగరం నుండి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూరు చేరే రైలుమార్గం 1931 నాటికి పూర్తయినది. ఆ దారిన ఉత్తరాంధ్ర నుండి పనికోసం వచ్చి ఇక్కడనే స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. పండరీ ఈ నగరానికి బట్టల బజారు. టోకు వ్యాపారుల కొట్లలో తాన్లు అరల నిండా పేర్చి ఉంటాయి. సందుల్లో దర్జీల మిషన్లు ఉదయం నుండి రాత్రి వరకు కదులుతూనే ఉంటాయి. 2021 లో బస్టాండు భాటాగావ్‌కు తరలిపోయిన తరువాత బస్సుల హారన్లు తగ్గినవి గాని, కుట్టుమిషన్ల చప్పుడు మాత్రం తగ్గలేదు. మా అద్దె ఇంటి కిటికీ తెరిస్తే మొదట వినబడేది ఆ చప్పుడే.

ఇక నా గిటారు సంగతి. కళాశాలలో చదివే రోజుల్లో విశాఖపట్నంలో కొన్న వాద్యం అది. ఉద్యోగం, వివాహం, బదిలీల మధ్య దానిమీద దుమ్ము పేరుకున్నది. సుమారు ఇరవై సంవత్సరాల తరువాత మరల చేతికి తీసుకున్నాను. తీగలన్నీ ఒక్కసారిగా మీటి పాటకు తోడు నిలిచే వాయిద్యం నాకు కొంత వచ్చును. నేను కోరుకున్నది అది కాదు. పాటను తానే పలికే గిటారును లీడ్ గిటారు అంటారు. అందులో ఒక్కొక్క స్వరం విడివిడిగా, ముత్యాల వలె పలకాలి. ఆ ముత్యాలను పలికించేది కుడిచేతిలోని పిక్ అనే చిన్న బిళ్ళ.

నా ఈ కోరిక వెనుక మా అమ్మ ఉన్నది. అమ్మ పుట్టిల్లు బొబ్బిలి. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే పనివాళ్ళకు పేరుపొందిన ప్రాంతమది. ఆమె పెళ్ళికి పుట్టింటివారు ఇచ్చిన వీణ ఇప్పటికీ మా ఇంటిలో గలేబు తొడుక్కుని గోడవార ఉన్నది. కీళ్ళవాతం వలన ఆమె వేళ్ళు వంకరపోయి పది సంవత్సరాలైనది. తరువాత వినికిడి మందగించసాగింది. ఎడమచెవి పూర్తిగా, కుడిచెవి సగం పోయిన తరువాత ఒకనాడు ఆమె నాతో, "మోహన వర్ణం ఒక్కసారి వినాలని ఉంది నాన్నా, నీ చేత్తో. చెవి ఉండగానే వినిపించు" అన్నది. అమ్మ ఏదీ అడిగే మనిషి కాదు. అందుచేత ఆ మాట నాలో నాటుకుపోయింది.

మోహన రాగంలో స్వరాలు ఐదే: షడ్జమం, రిషభం, గాంధారం, పంచమం, ధైవతం. గిటారువాళ్ళు మేజర్ పెంటాటానిక్ అని పిలిచే స్వరశ్రేణి ఇదే. గిటారు ఆరు తీగల మీద, తీగకు రెండేసి స్వరాల చొప్పున, చేయి పెద్దగా జరపకుండానే రెండు స్థాయిలకు పైగా దానిని వాయించవచ్చును. కనుక ఇది సులభమనుకున్నాను. ప్రతి తీగ మీద ఒక కింది మీటు, ఒక పై మీటు. ఆ వెంటనే పక్క తీగ. దీనినే ఆల్టర్నేట్ పికింగ్ అంటారు. చూడడానికి ఇంతకన్న సరళమైన పని ఉండదు.

మొదటి కాలంలో వర్ణం బాగానే పలికింది. రెండవ కాలానికి వచ్చేసరికి తీగ మారినప్పుడల్లా పిక్ చిక్కుకునేది. ఒక్కొక్క స్వరం మింగుడుపడేది. మరొకటి టప్పున మోగేది. దానిని బలంతో సరిచేయబోయి మోచేతి నుండి చేయిని ఊపాను. మా కార్యాలయ వార్షికోత్సవంలో సాహసించి వేదిక ఎక్కి, సరిగా అక్కడనే తడబడి, రెండు ఆవర్తాలు వదిలివేసి ఎలాగో ముగించాను. సహోద్యోగులు మర్యాదకొద్దీ చప్పట్లు కొట్టారు. మొదటి వరుసలో కూర్చున్న అమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఇంటికి వచ్చిన తరువాత, "మొదటి కాలంలో నీ చేయి ఒకటి, రెండో కాలంలో నీ చేయి ఇంకొకటి. పాట ఒకటే కదా, చేతులు రెండెందుకురా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇంకా గట్టిగా సాధన చేయమంటున్నదని అనుకున్నాను.

గట్టిగానే చేశాను. ఫలితంగా నెల తిరగకుండా మణికట్టు నొప్పి పట్టుకున్నది. కార్యాలయంలో సంతకం చేయడానికి సైతం ఇబ్బంది అయ్యేది. వైద్యుడు కొన్ని వారాలు వాద్యం ముట్టవద్దన్నారు. ఒకవైపు అమ్మ చెవి, మరొకవైపు నా చేయి: రెండింటికీ గడువు పెట్టినట్లు అనిపించింది.

ఆ విరామంలో కుడిచేతి విషయమై నేను తెలుసుకున్న మొదటి పాఠాలు ఇవి. పిక్‌ను బొటనవేలి మెత్తని భాగానికీ, చూపుడువేలి చివరి కణుపు పక్కకూ మధ్య పట్టుకోవాలి. జారిపోకుండా ఉండేంత పట్టు చాలును. వేళ్ళ నుండి బయటకు మూడు నాలుగు మిల్లీమీటర్ల కొన కనిపిస్తే సరిపోతుంది. ఆ కొన కూడా తీగలోకి లోతుగా దిగరాదు. మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు తగిలితే చాలు. నేను వాడిన పల్చటి పిక్ తీగ తగలగానే వంగిపోయి ఆలస్యంగా తిరిగివచ్చేది. ఒక మిల్లీమీటరు, అంతకు కొంచెం పైన మందం ఉన్నదానికి మారాను. బిళ్ళను తీగకు బల్లపరుపుగా ఆనించక, అంచు కొద్దిగా ముందుకు తిప్పితే గీసుకోకుండా జారిపోతుంది. కదలిక మోచేతి నుండి గాక మణికట్టు నుండి రావాలి. మిగిలిన మూడు వేళ్ళు పిడికిలి బిగించకుండా తేలికగా ఉండాలి.

నొప్పి తగ్గిన తరువాత ఇవన్నీ పాటించాను. మెట్రోనోమ్ పెట్టుకుని నిమిషానికి 60 దెబ్బల వద్ద మొదలుపెట్టి, రోజుకు రెండు మూడు దెబ్బలు పెంచుతూ పోయాను. నొప్పి మరల రాలేదు. స్వరం శుభ్రపడింది. కాని 90 దాటగానే మరల అదే చిక్కు, అదే చోట: తీగ మారే చోట. అక్కడ నెలల తరబడి ఆగిపోయాను. నెమ్మదిగా వాయించు, వేగం దానంతట అదే వస్తుందని అందరూ చెబుతారు. నెమ్మదిగా వాయించాను. వేగం రాలేదు.

ఒక ఆదివారం మా అమ్మాయి జాకెట్టు కుట్టించడానికి సందులోని దర్జీ దగ్గరకు వెళ్ళాను. తండ్రితో చిన్నతనంలోనే శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన వృద్ధుడు ఆయన. మెడ వంపు దగ్గరకు వచ్చేసరికి మోటారు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగు కుట్లు వేసి, మరల మోటారు నొక్కాడు. కుట్టులో ఎక్కడా తేడా లేదు. చేత్తో వేసిన కుట్లేవో, మోటారు వేసినవేవో నేను పోల్చలేకపోయాను. ఆ మాటే అడిగాను.

"సూదికి తొందరా లేదు, బద్ధకమూ లేదు బాబూ. సేత్తో తిప్పినా, మోటారెట్టినా దాని దారి ఒకటే. సూది గుడ్డలోంచి పూర్తిగా పైకొచ్చాకే కింద పళ్ళు గుడ్డని జరుపుతాయి. సూది లోపలుండగా గుడ్డ జరిగిందా, ఇరిగిపోద్ది" అన్నాడాయన.

నేను అక్కడనే నిలబడిపోయాను. అమ్మ అడిగిన ప్రశ్నకు సమాధానం ఆ దర్జీ నోట వినబడినట్లయింది. సూది పైకి వచ్చిన తరువాతనే గుడ్డ జరగాలి. నా పిక్ తీగల మధ్య నుండి పైకి రాకముందే నేను పక్క తీగకు జరగబోతున్నానేమో!

ఇంటికి వచ్చి మా అమ్మాయి చేత నా కుడిచేతిని సెల్‌ఫోనులో నెమ్మది చలనంలో చిత్రింపజేశాను. మొదట 60 దెబ్బల వద్ద, తరువాత 100 వద్ద. రెండు చిత్రాలూ పక్కపక్కన చూస్తే రహస్యం బయటపడింది. నెమ్మదిగా వాయించేటప్పుడు తీగ మారేముందు నా చేయి చిన్న గంతు వేస్తున్నది. పిక్‌ను ఎత్తి, తీగను దాటించి, అవతల దింపుతున్నది. వేగంగా వాయించేటప్పుడు ఆ గంతుకు వ్యవధి లేదు. పై మీటు ముగిసేసరికి పిక్ రెండు తీగల మధ్య సందులోనే ఇరుక్కుని ఉన్నది. అక్కడనుండి పక్క తీగకు పోబోతే నడుమనున్న తీగ అడ్డుతగులుతున్నది. అమ్మ చెప్పినది అక్షరాలా నిజం. నాకు రెండు చేతులున్నవి; నెలల తరబడి నేను 60 వద్ద సాధన చేసినది 100 వద్ద పనికిరాని చేతిని!

ఈ చిక్కును గురించి తెలుసుకోబోగా, అమెరికాకు చెందిన ట్రాయ్ గ్రేడీ అనే గిటారు వాద్యకారుడు పేరుపొందిన వాద్యకారుల కుడిచేతులను దగ్గరి నుండి చిత్రించి ఇదే విషయాన్ని విశదపరచినట్లు తెలిసింది. సారాంశం ఇది. పిక్ కదిలే దారి తీగల వరుసకు సరిగ్గా సమాంతరంగా ఉంటే, కిందికి మీటినా పైకి మీటినా అది తీగల మధ్యనే చిక్కి ఉంటుంది. ఆ దారి కొద్దిగా వాలుగా ఉంటే ఒక దిశలో మీటినప్పుడు పిక్ దానంతట అదే గాలిలోకి తేలుతుంది. కుడి ముంజేతిని తాళంచెవి కుడివైపు తిప్పినట్లు స్వల్పంగా తిప్పితే, పిక్ పట్టుకున్న పైభాగం నేలవైపు ఒరుగుతుంది. అప్పుడు కింది మీటు తీగల లోపలికి దిగుతుంది. పై మీటు తీగలను విడిచి బయటకు లేస్తుంది. పై మీటు తరువాత తీగ మారడానికి ఏ అడ్డూ ఉండదు. వాలు రెండవ వైపునకు ఉంటే ఇందుకు విరుద్ధంగా కింది మీటు బయటకు లేస్తుంది.

మోహనం తీగకు రెండు స్వరాలు. మొదటిది కింది మీటు, రెండవది పై మీటు. అంటే తీగ మారే ప్రతిసారీ అంతకుముందు జరిగినది పై మీటే. అటువంటప్పుడు మొదటి వాలు ఒక్కటే నాకు చాలును! ఆరోహణలోనైనా అవరోహణలోనైనా ఇంతే. ఏ తీగ మీదనైనా స్వరాల సంఖ్య బేసిగా వచ్చిన చోట, ఒక స్వరాన్ని మీటకుండా ఎడమచేతి వేలితో మెట్టుమీద కొట్టి పలికించి, లెక్క సరిచేసుకున్నాను. వర్ణమంతా కాగితం మీద రాసుకుని, ప్రతి స్వరం కింద మీటు దిశను గుర్తుపెట్టుకున్నాను. మన కార్యాలయ దస్త్రాలలో ఏళ్ళ తరబడి చేసిన పని ఇక్కడ అక్కరకు వచ్చినది.

సాధన క్రమాన్ని కూడా తలకిందులు చేశాను. ముందుగా ఒకే తీగ మీద, ఎడమచేతితో పనిలేకుండా, హాయిగా ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా కొద్ది క్షణాలు మీటి, ఆ వేగంలో చేయి సహజంగా ఎలా కదులుతున్నదో గమనించేవాడిని. అదే కదలికను, అదే వాలును, చెక్కుచెదరకుండా 60 దెబ్బలకు దింపేవాడిని. గంతు వేసినట్లు కనిపిస్తే ఆపివేసేవాడిని. తరువాత రెండు తీగల మధ్య నాలుగు స్వరాలు మాత్రమే, అటూ ఇటూ. నాలుగు శుభ్రంగా పలికిన తరువాత ఎనిమిది. ఒక పూటకు ఇరవై నిమిషాలకు మించి చేయలేదు. చేయి బిగిసినా, నొప్పి లేశమాత్రం తోచినా అంతటితో విరమించేవాడిని.

ఆ రోజుల్లో అమ్మ నా పక్కన కూర్చుని చేతిని చూసేది. వినికిడి తగ్గినవారికి చూపు పదునెక్కుతుందేమో! "మేము చూపుడువేలు, నడిమివేలు మార్చిమార్చి మీటుతాము. నీకు ఒక్క బిళ్ళే. దానికే రెండు ముఖాలు. ఒక ముఖం బలంగా, ఒక ముఖం నీరసంగా పలకకూడదు" అని చెప్పింది. అది మరొక పాఠం. నా పై మీటు ఎప్పుడూ సన్నగానే వినబడేది. ప్రతి వరుసనూ పై మీటుతో మొదలుపెట్టి కొన్నాళ్ళు వాయించగా ఆ తేడా చాలావరకు సమసిపోయింది. అప్పుడు ఆమె చిన్ననాటి సరళీ వరుసలకు నన్ను తీసుకుపోయింది. మాయామాళవగౌళలో మూడు కాలాలు. తాళం ఆమె చేతిలో ఉండేది. అది పెరగదు, తరగదు. తాళాన్ని కదపకుండానే స్వరాలు మాత్రం రెట్టింపు, ఆపై నాలుగు రెట్లు కావాలి. మెట్రోనోమ్ వేగం పెంచుతూ పోవడానికీ దీనికీ భేదమున్నది. ఇందులో ఒకే కూర్చోవడంలో మూడు వేగాలూ పక్కపక్కన నిలుస్తాయి గనుక, చేయి మారితే వెంటనే పట్టుబడుతుంది. మన పూర్వులు సరళీ వరుసలను మూడు కాలాలలోనూ వాయింపజేయడంలోని ఔచిత్యం నాకు అప్పుడు బోధపడింది.

పిక్‌తో కర్ణాటక సంగీతమేమిటని సందేహించేవారికి మన పాలకొల్లు బిడ్డ, మాండలిన్ శ్రీనివాస్ గారే సమాధానం. 1969 లో జన్మించిన ఆయన, జంట తీగల మాండలిన్‌ను విడిచి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్ మీద గమకాలతో కూడిన కృతులను పలికించారు. 1998 లో పద్మశ్రీ అందుకున్నారు. 2014 లో నలభై ఐదేళ్ళ వయసుకే ఆయన కన్నుమూయడం తెలుగువారి దురదృష్టం. రిమెంబర్ శక్తి బృందంలో ఆయన పక్కన గిటారు వాయించిన ఆంగ్లేయుడు జాన్ మెక్లాఫ్లిన్ మెరుపువేగపు మీటుకు ప్రపంచ ప్రసిద్ధుడు. ఆ మెక్లాఫ్లిన్ అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి వద్ద వీణ అభ్యసించాడని తెలిసి అమ్మ ఎంతో సంతోషించింది. "చూశావా, వాళ్ళూ వీణ దగ్గరకే వచ్చారు" అని ఆమె వ్యాఖ్య.

చిక్కు తెలిసిన నాలుగవ నెలలో 90 దాటాను. ఆరవ నెలలో 120 వద్ద దెబ్బకు నాలుగు స్వరాలు, అంటే సెకనుకు ఎనిమిది, తడబడకుండా వచ్చాయి. లోకంలోని మేటి వాద్యకారులకు ఇది లెక్కలోనిది కాదు. నాకు కావలసిన వర్ణానికి మాత్రం అవసరానికి మించినదే.

ఉగాదినాటి సాయంకాలం స్పీకరును అమ్మ కుడిచెవి వైపు జరిపి, వర్ణం మొదటి నుండి చివరి వరకు వాయించాను. వేదిక లేదు, చప్పట్లు లేవు. ఇంటిలోని వారము నలుగురమే. ముక్తాయి స్వరాలు రెండవ కాలంలో సాగుతుండగా ఆమె వంకరపోయిన వేళ్ళు తొడమీద తాళం వేయడం చూశాను. ఒకచోట ధైవతం కొంచెం మొరటుగా పలికింది. ముగిసిన తరువాత ఆమె కొంతసేపు మాట్లాడలేదు. వినబడిందో లేదోనని నాకు భయం వేసింది. చివరకు, "చేయి ఒకటే అయింది. ఆ దైవతం దగ్గర మాత్రం మెత్తగా వెళ్ళు. రేపు మళ్ళీ వాయించు" అన్నది.

మరునాడు మరల వాయించాను. ఈ రోజుకూ వాయిస్తున్నాను. ఆమె చెవి మరికొంత మందగించింది. ఇప్పుడు గిటారు చెక్కమీద అరచేయి ఆనించి వింటున్నది. కొన్ని స్వరాలు చేతికి తెలుస్తాయట.

వాద్యం సంగతి అటుంచి, మన దైనందిన విధులలోనూ ఈ పాఠానికి స్థానమున్నదని నా నమ్మకం. తొందరలేని రోజున ఒక విధంగా, గడువు ముంచుకువచ్చిన రోజున మరొక విధంగా చేసే పనిలోనే పొరపాట్లు దొర్లుతాయి. నెమ్మది గొప్పది కాదు, వేగమూ గొప్పది కాదు. రెండింటిలోనూ ఒకటే చేయి ఉండడం గొప్పది. పండరీ సందులో ఆ వృద్ధ దర్జీ ప్రతిరోజూ అదే చేస్తున్నాడు. కిటికీ తెరిచినప్పుడు వినబడే ఆ మిషను చప్పుడు ఇప్పుడు నాకు మెట్రోనోమ్ వలెనే తోస్తున్నది.